వేలు ఒత్తే ఊరికి ఫోను దిద్దిన జ్యోతి

మా ఇంటి ఆడపిల్లల్లో మొదట డిగ్రీ చదివింది జ్యోతి. మొదట నెలజీతం తెచ్చిందీ జ్యోతే. నా తమ్ముడు భీమ్‌రావు కూతురు. వాళ్ల తాతకు, అంటే మా బాపుకు, సెంటు భూమి లేదు. మిరప చేలల్లో కూలి చేసి మమ్మల్ని పెంచాడు. ఆ ఇంటి పిల్ల ఇవాళ నాగపూర్‌లో కుర్చీ మీద కూర్చుని, వేలమంది చేతుల్లోని ఫోనులో ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తోంది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

నేను గట్టయ్యను. మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డు ఊళ్లో పుట్టాను. మరాఠీ బడిలో ఏడో తరగతి పాసై, తెలుగు అక్షరాలు మా మేనమామ పలక మీద దిద్దుకున్నవాణ్ని. తొమ్మిదేళ్లు పంచాయతీ మెంబరుగా ఉన్నాను. మా వాడలో నలభై ఆరుగురు ఆడవాళ్లకు సంతకం నేర్పాను. తీరా వాళ్లు నేర్చుకున్నాక రేషన్ దుకాణానికి వేలిముద్ర మిషన్ వచ్చింది. సంతకం పక్కకు పోయి మళ్లీ వేలు ముందుకొచ్చింది. కూలి చేసే చేతులు అరిగిపోయి ఉంటాయి, ముద్ర పడదు. పక్క ఊళ్లలో జనం నాలుగేసి సార్లు తిరిగి పోయేవాళ్లు. నేను మిషన్ పక్కన నిలబడి మా వాళ్లకు పద్ధతి నేర్పాను. బొటనవేలు కొంగుకు తుడుచుకోవాలి, గట్టిగా ఒత్తాలి, నేను 'అయింది' అనేదాకా తీయొద్దు. ఆ తర్వాత మా ఊళ్లో వేలిముద్ర పడక తిరిగిపోయినవాళ్లు లేరు. తహసీల్ ఆఫీసు నుంచి వచ్చిన సారు నన్ను మెచ్చుకుని శాలువా కప్పాడు. ఆ శాలువా ఇప్పటికీ ఉంది.

జ్యోతి చిన్నప్పటి నుంచీ మాట తక్కువ, చూపు ఎక్కువ. పదో తరగతిలో ఉండగా వాళ్లమ్మ యాదక్క సిరోంచ బస్‌స్టాండ్‌లో మరాఠీ బోర్డు చదవలేక ఒక బస్సుకు బదులు ఇంకో బస్సెక్కి, సాయంత్రానికి ఏడుపు ముఖంతో ఇల్లు చేరింది. ఇంట్లో అందరూ యాదక్కను ఆటపట్టించారు. జ్యోతి మాత్రం అట్ట ముక్కలు తెచ్చి బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. ఏనుగుల క్యాంపు ఉన్న కమలాపూర్ వైపు బస్సుకు ఏనుగు. గడ్చిరోలి బస్సుకు జెండా ఉన్న పెద్ద బిల్డింగు, కలెక్టర్ ఆఫీసు అన్నమాట. గీసిన వెంటనే అతికించలేదు. ముందు వాడలో తిప్పింది.

"పెద్దమ్మా, ఇది ఏంది?"

"బడి గదనే. జెండా ఉన్నది."

"ఇది చూస్తే ఏ ఊరు యాదికొస్తది?"

"బడి అన్ని ఊళ్లల్ల ఉంటది. నాకేం యాదికొస్తది?"

పది మందిని అడిగితే పది మందీ బడే అన్నారు. జ్యోతి ఆ అట్ట పక్కన పెట్టి, నల్లకోటు వేసుకున్న వకీలును గీసింది. మా వాళ్లు గడ్చిరోలికి పోయేది కోర్టు తారీఖులకే. ఈసారి పది మందీ గడ్చిరోలి అన్నారు. ఆ అట్టలు బస్‌స్టాండ్ గోడ మీద ఒక వానాకాలం నిలిచాయి. ఇప్పుడు తను చేసే పని కూడా అదేనని జ్యోతి చెప్తుంది, అట్ట పోయి అద్దం వచ్చిందంతే.

గడ్చిరోలిలో బీఎస్సీ, ఆ తర్వాత పుణెలో రెండేళ్ల డిజైన్ కోర్సు చదివింది. పేరు ఇంటరాక్షన్ డిజైన్. భీమ్‌రావుకు ఆ పేరు నోరు తిరగలేదు.

"గదేం కొలువే, జర అర్థమయేటట్టు చెప్పు" అన్నాడు ఒక రోజు.

"బాపూ, నువ్వు ఫోను ముట్టుకుంటవ్. అది నీకు జవాబియ్యాలె. నువ్వు ఏమనుకోని ముట్టుకున్నవో దానికి తెల్వాలె, అది ఏం జేసిందో నీకు తెల్వాలె. ఆ ముచ్చట ఎట్ల నడవాలెనో గీసి పెట్టుడు నా పని."

"ఫోనుతోటి ముచ్చట్లు పెట్టేటందుకు జీతమిస్తరా?" అన్నాడు భీమ్‌రావు. నవ్వాడు గానీ ఆ మాట తర్వాత వారం రోజులు ఊరంతా చెప్పుకు తిరిగాడు.

జ్యోతి చేరింది ఒక ట్రస్టులో. వాళ్లు ఊళ్లకు మందుల బండి పంపుతారు. బీపీ, షుగర్, సికిల్‌సెల్ లాంటి రోజూ మందు మింగాల్సిన రోగాలున్నవాళ్లకు ప్రతి మంగళవారం ఇంటి ముందుకే మందులు. మా ఊళ్లో ముప్పై ఎనిమిది మంది. మొదట్లో బండివాళ్లు పేర్లు కాగితం మీద రాసుకునేవాళ్లు, ఇప్పుడు అందరి ఫోటోలూ ఒక ఫోనులో ఉంటాయి. ఆ ఫోను మా ఇంటి అరుగు మీద, నా బాధ్యతలో. ఆదివారం పొద్దున అందరూ వచ్చి ఎవరి ఫోటో వాళ్లు ముట్టాలి. ముట్టినవాళ్ల పేరు నాగపూర్‌కు పోతుంది, మంగళవారం వాళ్ల మందు వస్తుంది. ఆ తెర మీది బొమ్మలు, తెలుగు మాటలు అన్నీ జ్యోతివే. నా బిడ్డ చేసిన దాన్ని నా చేతిలో పెట్టారంటే, మరి నాకెలా ఉంటుంది. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాణ్ని.

నిరుడు మిరప ఏరే రోజుల్లో బండి నడిపే కరీమ్ మా అరుగు మీద కూర్చుని, టీ కూడా ముట్టకుండా తల వంచుకున్నాడు. సిరోంచ వాడు, మాటకారి. అలా కూర్చునే రకం కాదు.

"ఏమైందిరా?"

"కాకా, ఈ ఊరికి బండి బందైతదట. వచ్చే నెల నుంచి. మా సంజీవ్ సార్ చెప్పిండు."

"ఎందుకట?"

"నాలుగు వారాల సంది మీ ఊరోళ్లే మందు వద్దంటున్నరట. ముప్పై ఎనిమిదిల ముప్పై నాలుగు మంది వద్దు, వద్దు అని ఒత్తుతున్నరట. ఫోనుల సాఫ్ కనబడుతున్నదట."

నిజమే, ఫోను వచ్చిన ఈ నాలుగు వారాలుగా నలుగురికే మందు వస్తోంది. నాగపూర్‌లో మందుల కొరతేమో అనుకున్నాను. నా చెల్లెలు పోశమ్మకు బీపీ. మాత్రలు అయిపోయి పది రోజులు దాటింది. మిరప చేనులో రెండుసార్లు కళ్లు తిరిగి సాలులోనే కూర్చుండిపోయింది. సిరోంచ దవాఖానకు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుందని పోదు. ఆమె మందు వద్దందంటే ఎవరు నమ్ముతారు?

జ్యోతికి ఫోను చేశాను. ఆఫీసులో ఆమెకూ అదే మాట చెప్పారట. వీళ్లకు మందు మీద శ్రద్ధ లేదు, లేదంటే ఫోను వాడే తెలివి లేదు, ఏదైనా ఒకటే అన్నారట. జ్యోతి పది రోజులు గడువు అడిగి, మరునాడే బస్సెక్కింది.

వచ్చిన రోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగింది. "ఫోను వాడుడు కష్టమైతున్నదా?" అని అడిగింది. ఒక్కరు కూడా కష్టమనలేదు.

"మస్తుగున్నది బిడ్డా. నువ్వు చేసింది మంచిగుండదా?" అంది పోశమ్మ. ఉన్న నాలుగు లడ్డూలు తెచ్చి చేతిలో పెట్టింది.

రాత్రి అన్నం తినేటప్పుడు జ్యోతి తనను తానే తిట్టుకుంది. "అడుగుడే తప్పు పెద్దబాపూ. ఇంటి ఆడపిల్ల దూరం నుంచి వచ్చి, నేను చేసింది మంచిగున్నదా అంటే ఎవరన్న లేదంటరా? పుణెల మాకు మొదటి పాఠమే గిది. అడుగుడు కాదు, చూసుడు."

మరునాడు కాగితాల మీద ఫోను తెరలన్నీ గీసింది. మిరప ఏరి వచ్చిన ఆడవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, "ఇగో, నేనే ఫోను అనుకోండ్రి. మీరు ముట్టుకుంటే నేను కాగితం మారుస్త" అంది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. జ్యోతి ముఖం బిగబట్టి నిజంగా ఫోను లాగే కూర్చుంది. ఒక్కొక్కరూ తమ ఫోటో కాగితాన్ని ముట్టారు. జ్యోతి పచ్చ టిక్కు ఉన్న కాగితం తీసి చూపింది. అందరూ సరిగ్గా చేశారు. ఒక్క తప్పు లేదు.

అప్పుడు నాకు సంతోషం, జ్యోతికి దిగులు.

"కాగితం మీద తప్పు అయితలేదు. ఫోనుల ఎట్ల అయితున్నది?" అంటూ ఆ కాగితాలే తిప్పి తిప్పి చూసింది. ఒక్క సంగతి ఆమెకు చాలా ఆలస్యంగా తట్టింది. స్కెచ్‌పెన్ రంగు తడిగా ఉండేసరికి, బొమ్మ చెడిపోతుందని ఆడవాళ్లు వేలి కొస పూవును ముట్టినట్టు ముట్టారు. ఫోనును కూడా అలాగే ముడతారా?

ఆదివారం వచ్చింది. "పెద్దబాపూ, నువ్వు ఎప్పటి లెక్కనే చెయ్. నేను ఇక్కడ లేననుకో" అని చెప్పి, జ్యోతి ఆడవాళ్ల వెనక గోడకానుకుని కూర్చుంది. నేను ఎప్పటిలా ఫోను వాళ్ల వైపు తిప్పి పట్టుకున్నాను. ఫోను వీపు నా వైపు, నా చూపు వాళ్ల వేళ్ల మీద. పోశమ్మ ముందుకు వచ్చింది. బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. ఫోటో మీద పెట్టి ఒత్తింది. ఒత్తి, నా ముఖం వైపు చూసింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయింది" అన్నాను.

"అన్నా, మళ్ల ఏదో అడుగుతున్నది."

"పచ్చదాని మీద పెట్టు. ఎప్పుడైనా పచ్చదే."

పెట్టింది. తర్వాత ఆమె వెనకున్నామె, ఆ తర్వాత ఇంకో ఆమె. గోడ దగ్గర జ్యోతి చేతిలో పెన్ను ఆగిపోవడం చూశాను గానీ నాకేమీ అనుమానం రాలేదు. ఎంత క్రమంగా నడిపిస్తున్నానో చూస్తోంది అనుకున్నాను.

అందరూ పోయారు. జ్యోతి నాకు చాయ్ పోసి ఇచ్చి, తను ఎదురుగా కింద కూర్చుంది.

"పెద్దబాపూ, తప్పు నాది. ముందే చెప్తున్న."

"ఏం తప్పు?"

"ఫోటోను ఊరికె ముట్టుకుంటే మందు కావాలె అని. ఒత్తి పట్టుకుంటే, 'ఈ వారం వద్దా' అని అడుగుతది. ఊరికి పోయేటోళ్ల కోసం పెట్టిన అది. ఆఫీసుల అందరు టక్కున ముట్టుకునేటోళ్లే. ఇట్ల ఒత్తి పట్టుకునేటోళ్లు ఉంటరని నాకు తట్టలేదు."

నాకు అర్థం కావడానికి చాయ్ సగం అయింది. ఒత్తమన్నది నేను. పట్టుకోమన్నది నేను. 'వద్దా' అని అడిగితే పచ్చదాని మీద, అంటే 'అవును' మీద వేలు పెట్టించింది నేను. నాలుగు వారాలు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా చెల్లెలి మందు నేనే ఆపాను. నేను స్నానం చేసి అరుగు మీదికి రాక ముందే, చేనుకు పోయే తొందరలో తమంతట తాము ముట్టి పోయిన నలుగురు కుర్రవాళ్లకే మందు వచ్చింది.

"ఎవలకన్న చెప్పినవా?" అని అడిగాను.

"చెప్పలే. చెప్పను కూడ."

"చెప్పకుంటే ఎట్ల? నేనే నేర్పిన, నేనే మాన్పిస్త."

ఆ సాయంత్రమే వాడంతా తిరిగి చెప్పాను. ఒత్తొద్దు, పట్టుకోవద్దు, ఈగ వాలినట్టు ముట్టి తీసేయాలి. రెండు రోజుల్లో అందరికీ వచ్చేసింది. నేను నేర్పితే రాకపోవడం ఏమిటి. బుధవారం రేషన్. పోశమ్మ మిషన్ మీద ఈగ వాలినట్టు ముట్టి తీసింది. ముద్ర పడలేదు. ఇంకో పదకొండు మందికీ పడలేదు. నేను శాలువా తెచ్చుకున్న దుకాణం ముందే పోశమ్మ నా మీద విరుచుకుపడింది.

"ఒక మిషన్‌కు ఒత్తాలెనంటవ్, ఇంకో మిషన్‌కు ఒత్తొద్దంటవ్. నా ఏలికేం కండ్లున్నయా అన్నా, ఏది ఏ మిషనో చూసుకునేటందుకు? నాకు మందూ వద్దు, నీ సదువూ వద్దు."

జ్యోతి పక్కనే ఉంది. అత్త చేయి పట్టుకుని, ఆ బొటనవేలును తిప్పి చూసింది. మిరప ఘాటుకు తోలు లేచి ఎర్రగా ఉంది.

"అత్తా, నీ ఏలు ఎట్లున్నదో అట్లనే ఉండనియ్యి. ఫోనునే మారుస్త."

"ఫోను మారుతదా?"

"మారకపోతే నాకు జీతమెందుకు?"

మూడు రోజులు మా అరుగు మీదే కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. నాగపూర్‌లో ఎవరితోనో మాట్లాడి మార్పులు చేయించింది. టక్కున ముట్టినా, పది లెక్కపెట్టేదాకా ఒత్తినా, ఫోటో అంటే మందు కావాలనే అర్థం. ముట్టగానే ఫోను గజ్జె కదిలినట్టు ఒకసారి మోగి, చేతిలో వణుకుతుంది. వద్దనేవాళ్లకు వేరే బొమ్మ, కింద దూరంగా. మొదట మాత్ర మీద అడ్డగీత గీసింది. పోశమ్మ చూసి "ఇరిగిన గోలీ" అంది. విరిగిన మాత్రలు ఇచ్చే బండేమో అని భయపడింది కూడా. గీత తీసేసి, మాత్రలు నిండుగా ఉన్న పట్టీ గీసింది. "ఇంట్ల ఇంకా ఉన్నయన్నట్టు" అంది పోశమ్మ, ఎవరూ అడగకముందే. జ్యోతి ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంది. నేను బడిలో ఇంత శ్రద్ధగా పాఠం రాసుకున్న పిల్లను చూడలేదు.

గడువు ముగిసే ఆదివారం సంజీవ్ సారు స్వయంగా వచ్చాడు. మంచి మనిషే, కానీ మాట ఖచ్చితం. హిందీలో చెప్పాడు, పాతిక మందైనా సొంతంగా ముడితేనే బండి ఉంటుందని. నా వైపు చూసి ఇంకో మాట అన్నాడు.

"కాకాజీ, మీరు జర దూరంగా ఉండండి. ఎవరికీ ఏం చెప్పొద్దు."

నా డెబ్బై రెండేళ్లలో ఎవరూ నన్ను నేర్పొద్దని చెప్పలేదు. జ్యోతి వైపు చూశాను. ఆమె కళ్లతోనే బతిమాలింది. పోయి దడి అవతల నిలబడ్డాను. ఫోనును అరుగు మీద పీట వేసి పెట్టారు. పట్టుకునేవాళ్లు లేరు, లెక్కపెట్టేవాళ్లు లేరు.

మొదట పోశమ్మే వచ్చింది. వేలు తుడుచుకుంది, ఒత్తింది, అలవాటుగా తలెత్తి నా కోసం చూసింది. నేను దడి సందులోంచి చూస్తున్నాను. నోటి చివరిదాకా వచ్చిన మాటను మింగేశాను. మోగింది ఫోను. పోశమ్మ వేలు తీసి, ఆ వేలినే చూసుకుంది.

"పలికింది" అంది పక్కామెతో. "మీది మీది ఫోటో చూసుకోని పెట్టండ్రి, అదే పలుకుతది."

సంజీవ్ సారు ఆమెను అడ్డుకోబోయాడు. జ్యోతి మెల్లగా అంది, "సార్, పెద్దబాపును చెప్పొద్దన్నరు. అత్తను అనలేదు కదా." సారు వెనక్కి జరిగాడు.

ఒక్కొక్కరూ వచ్చారు. బక్కయ్య తన ఫోటో అనుకుని తమ్ముడి ఫోటో ముట్టాడు. ఇద్దరి మీసాలూ ఒకేలా ఉంటాయి. అది మోగగానే "నాది గాదు" అని నాలుక కరుచుకుని, తనదీ ముట్టాడు. తమ్ముడు వచ్చాక మళ్లీ ముట్టాడు. మధ్యాహ్నానికి సంజీవ్ సారు ఫోను తీసి లెక్క చూశాడు. ముప్పై ఒక్కరు.

"గాడీ" అని హిందీలో అనబోయి సారు మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి వచ్చీరాని తెలుగులో. "బండి వస్తది. మంగళవారం వస్తది, పై మంగళవారం బీ వస్తది." పోశమ్మ తలమీద కొంగు సర్దుకుని చేనుకు పోయింది. సగం పూట కూలైనా దక్కించుకోవాలి కదా.

మంగళవారం కరీమ్ బండి ఆపి పేర్లు పిలిచాడు. పోశమ్మ చేను నుంచి అట్లాగే వచ్చింది. మిరప చేతులతో పట్టీ చింపలేకపోతే జ్యోతి చింపి, మాత్ర అత్త నోట్లో వేసి, చెంబుతో నీళ్లు పోసింది. నేను చాలా సన్మానాలు చూశాను. అది చూసినప్పుడు కలిగిన సంతోషం వాటిలో దేనికీ కలగలేదు.

బండి పోయాక జ్యోతి ముఖంలో నవ్వుంటుందనుకున్నాను. నోటుపుస్తకం తెరిచి ఏవో పేర్లు రాసుకుంటోంది.

"ఇంకేంది బిడ్డా, గెలిచినవ్ గద."

"ఏడుగురు రాలేదు పెద్దబాపూ. వాళ్లు ఎందుకు రాలేదో సూడాలె. కాళ్లు నొస్తున్నయో, ఫోనంటే భయమో, ఇంట్ల పంపుతలేరో."

అని చెప్పులు వేసుకుంది. నేనూ వేసుకున్నాను. ఆ ఏడుగురి ఇళ్లూ, వాళ్ల ముత్తాతల పేర్లూ నాకు తెలుసు. నేను లేకుండా ఎలా పోతుంది.

"రా పెద్దబాపూ" అంది నా చెయ్యి పట్టుకుని. "కానీ అక్కడ నువ్వు ఏం మాట్లాడొద్దు. నా పక్కకు కూసోని ఊరికె చూడు."

సరే అన్నాను. మొదటి ఇల్లు జంగుది. వాకిట్లో ఇద్దరం చాప మీద కూర్చున్నాం.